దొంగ అచ్చులు

ఇంటిలో వెండిచెంబు పోయినచో ఆ పూటనే తెలియును. అది యుండు గూడు బోసిగా కనబడును. బొమ్మ గీసి బ్రతుకువాని సొత్తు పోవు తీరు వేరు. గీసిన బొమ్మ అతని బల్లమీదనే యుండును, అడుగున సంతకమును ఉండును. దానివలన రావలసిన కూడు మాత్రము పరులపాలగును. తాను గీసిన పూలతీగ ఎవరో అమ్మెడి చొక్కామీదనో దిండుగలీబుమీదనో కంటబడిన పిమ్మటగాని జరిగినది అతనికి తెలియదు. ఆన్‌లైన్ అంగళ్లు పెరిగిన ఈ దినములలో ఈ మొర దేశదేశముల చిత్రకారుల నోట వినబడుచున్నది. ఇది కొత్త యంత్రములు తెచ్చిన కొత్త రోగమని పలువురి తలంపు. మేమట్లు తలంపము. గీయువాడు, నకలు తీయువాడు, అమ్మువాడు అను ఈ మువ్వురి తగవు కాగితముపై బొమ్మ అచ్చుపడిన నాటినుండియు ఉన్నదే. ఆ తగవులో చిత్రకారుని పక్షమున ఇంగ్లండులో మొట్టమొదటి శాసనము పుట్టిన వృత్తాంతమును, దానికై పోరాడిన విలియం హోగార్త్ కథను ఇచ్చట చెప్పదలచితిమి. లండనులో మొదలైన ఆ కథ మన బందరు రేవుదాక వచ్చును.

హోగార్త్ కంటె రెండువందల యేండ్లు ముందు, జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అను చిత్రకారుడుండెను. తాను కల్పించిన బొమ్మలను చెక్కదిమ్మెలనుండి అచ్చొత్తించి అమ్మించెడివాడు. ప్రతి బొమ్మ మూలను తన పేరిలోని రెండక్షరములను ఒకదానిలో నొకటి ఇమిడ్చి గుర్తుగా వేసెడివాడు. ఇటలీలో మార్కాంటోనియో రైమొండి అను నేర్పరి, కన్య మేరీ చరిత్రపై డ్యూరర్ కల్పించిన బొమ్మల వరుసను రాగిరేకులపై గీతకు గీతగా దించెను. ఆ అక్షరముల గుర్తునుకూడ వదలలేదు. డ్యూరర్ వెనిసు ప్రభువులకు ఫిర్యాదు చేసెననియు, వారు ఆ గుర్తు మాత్రము వేయరాదని తీర్పు చెప్పిరనియు వసారి అను ఇటలీ రచయిత తన చిత్రకారుల చరిత్రలో వ్రాసెను. ఇందు కొంత కల్పన కలదని చరిత్రకారుల యనుమానము. కాని న్యూరెంబర్గు నగరసభవారి 1512 నాటి ఉత్తరువు నిక్కమైనది. పురమందిరము ముంగిట డ్యూరర్ గుర్తుతో బొమ్మలమ్ముచున్న ఒకానొక పరాయివానిని పిలిపించి, ఆ గుర్తులను తొలగింపవలెను, లేనిచో బొమ్మలు స్వాధీనము చేసికొందుమని వారు చెప్పిరి. గుర్తు తొలగించినచో బొమ్మ అమ్ముకొనవచ్చునన్న మాటయే గదా! పేరు డ్యూరరుది, బొమ్మ ఊరందరిది. ఈ తేడాను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. దీనితో మనకు ముందు పనిపడును.

ఇక హోగార్త్. ఇతడు 1697లో లండనులో పుట్టెను. తండ్రి రిచర్డు బడిపంతులు, లాటిను చదివినవాడు. లాటినులో సంభాషింపగోరువారికై ఒక కాఫీశాల తెరచి చేతులు కాల్చుకొని, అప్పులు తీర్పలేక ఫ్లీట్ చెరసాలలో కొన్నేండ్లు గడిపెను. పుస్తకవ్యాపారులను నమ్ముకొని ఒక పెద్ద నిఘంటువు వ్రాయుటకు పూనుకొనియు ఫలము కానక 1718లో కన్నుమూసెను. కలముపట్టి బ్రతుకువానిని అమ్మకపువాడు ఎంత నలుపగలడో కొడుకు చిన్ననాడే చూచెనన్నమాట. తండ్రి దుఃఖమును తలచుకొనియే తాను చదువు మాని చేతిపని నేర్చితినని హోగార్త్ తరువాతి కాలమున వ్రాసికొనెను. వెండిపళ్లెరములపై కులచిహ్నములు చెక్కు ఒక కంసాలికడ శిష్యరికము చేసి, 1720 నాటికి తన పేర రాగిరేకుల పని ప్రారంభించెను.

రాగిరేకు పని యెట్టిదో కొంచెము చెప్పినగాని దొంగ అచ్చుల సంగతి తేటపడదు. నునుపుగా మెరుగుపెట్టిన రాగిరేకుపై ఉక్కు మొనతో గీతలు త్రవ్వుదురు. లేదా రేకుకు మైనపు పూత పూసి, సూదితో గీసి, గీతలున్నచోట లోహము తినివేయునట్లు ఆమ్లములో నుంచుదురు. పిమ్మట సిరా పూసి, పైసిరా తుడిచివేసి, తడి కాగితమును రేకుపై పరచి బరువైన రోలరు క్రింద నొక్కినచో గీతలలో మిగిలిన సిరా కాగితమున కెక్కును. బొమ్మ కల్పించుటకు నెలలు పట్టును. చెక్కుటకు మరికొన్ని నెలలు. ఒక్కసారి రేకు సిద్ధమైనచో వందలకొలది ప్రతులు తీయవచ్చును. నకలు తీయువానికి ఆ మొదటి నెలల పని లేదు. అంగడిలో ఒక ప్రతి కొనితెచ్చి, దానిని రేకుపై దించి చెక్కిన చాలును. ఇట్లు దించిన బొమ్మ అచ్చులో కుడియెడమలు తారుమారై వచ్చును. కత్తి దూయువాడు ఎడమచేత దూయును. దొంగ అచ్చులలో ఈ ఎడమచేతివాటపువారు పెక్కుమంది కనబడుదురు. కొనువారిలో దానిని గమనించువారు అరుదు. గమనించినవారుకూడ సగము వెలకు వచ్చినప్పుడు ఏ చేయియైన నేమి అనుకొందురు గాబోలు.

1724లో హోగార్త్ మొదటిసారి తన సొంత ఖర్చుతో ఒక వ్యంగ్యచిత్రము వెలువరించెను. మారువేషపు విందులను, ఇటాలియను సంగీతనాటకములను ఎగబడి చూచు లండను షోకులను అందు ఎగతాళి చేసెను. బొమ్మకు మంచి గిరాకి వచ్చెను. ఆ గిరాకియే దానికి చేటు తెచ్చెను. కొలదిదినములలోనే నకళ్లు అంగళ్లలో సగము వెలకు అమ్ముడుపోవుట, తాను ఇచ్చిన అసలు ప్రతులు తిరిగివచ్చుట అతడు చూచెను. దొంగ అచ్చు వేసినది ఎవరో కాదు, బొమ్మలమ్ము అంగడివారే. వారు చెప్పిన వెలకే రేకును వారికి విడువవలసి వచ్చెననియు, ఏలయన వారి అంగళ్లు తప్ప బొమ్మ అమ్మదగిన తావు వేరొకటి లేకపోయెననియు హోగార్త్ వ్రాసికొనెను. కథకంతకు మూలము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. నకలు చేయువాడు దొంగయైనచో పట్టింపవచ్చును. సంతకు యజమానియే దొంగసరకు ప్రక్కన పెట్టుకొని కూర్చున్నప్పుడు చిత్రకారుడు ఎవనితో చెప్పుకొనవలెను?

హోగార్త్ ఆ సంతకు పోవుటయే మానెను. 1732లో ఆరు బొమ్మల వరుసను సిద్ధము చేసి, అంగడివారి ప్రమేయము లేకుండ చందాదారులకు నేరుగా అమ్మెను. పల్లెనుండి లండను వచ్చిన ఒక అమాయకపు పిల్ల దుష్టుల వలలో చిక్కి నాశనమైన కథ అది. ఆరు బొమ్మలకు వెల ఒక గినీ, అనగా 21 షిల్లింగులు. సగము ముందు చెల్లించినవారికి రసీదు నిచ్చెడివాడు. ఆ రసీదుపై కూడ ఒక బొమ్మ! వేయికి మించిన చందాదారులు చేరిరి. అప్పటివరకు సామాన్య చెక్కుడు పనివాడుగా నున్న హోగార్త్ ఒక్కసారిగా నగరమంతట మారుమ్రోగెను. బొమ్మలు విసనకఱ్ఱల పైకెక్కినవి; నాటకశాలలో మూకాభినయముగా ఆడబడినవి. వాని వెంటనే దొంగ అచ్చులును వెలువడినవి. చందాదారులు అసలు ప్రతులు కొనిరి గనుక హోగార్త్‌కు డబ్బు వచ్చెను; కాని చందా గడువు ముగిసిన తరువాతి లాభమంతయు పరులకు పోయెను.

అంతటితో అతడు రేకులు ప్రక్కన పెట్టి న్యాయశాస్త్రపు దారి పట్టెను. రచయితల పుస్తకములకు ఇంగ్లండులో 1710 నాటికే శాసనరక్షణ ఏర్పడియుండెను. కొత్త పుస్తకమునకు 14 యేండ్ల హక్కు. బొమ్మకు ఆ హక్కు ఏల యుండరాదని హోగార్త్ వాదము. జార్జి వెర్టూ, జాన్ పైన్, ఐజాక్ వేర్, జార్జి లాంబర్టు మొదలైన తోటి కళాకారులను కూడగట్టి, 1735 ఫిబ్రవరిలో పార్లమెంటునకు అర్జీ పెట్టించెను. సభ్యులకు పంచుటకై ఒక కరపత్రము అచ్చువేయబడెను. బొమ్మలమ్మువారు ఏకమై కళాకారుల నెట్లు లొంగదీయుదురో, దొంగ అచ్చును అడ్డముపెట్టుకొని అసలు రేకును ఎంత తక్కువకు గుంజుకొందురో అందు వివరింపబడినది. ఇది కేవలము చిత్రకారుల కడుపుమంట కాదు, వ్యాపారము నడుచు తీరునకు వేసిన లెక్కపత్రమనవచ్చును. పార్లమెంటు ఆశ్చర్యకరమైన వేగముతో పనిచేసెను. ఆ వసంతముననే శాసనము ఆమోదముపొంది, 1735 జూన్ 24వ తేదీనుండి అమలు కావలెనని నిర్ణయమాయెను. జనులు దానిని హోగార్త్ శాసనమనియే పిలిచిరి.

బొమ్మను తాను కల్పించి చెక్కినవానికి, లేదా తన కల్పనను చెక్కించినవానికి, వెలువడిన దినమునుండి 14 యేండ్లవరకు సర్వహక్కులు. ప్రతి రేకుపైనను యజమాని పేరును తేదీని చెక్కవలెను. దొంగ అచ్చు పట్టుబడినచో రేకులు, ప్రతులు జప్తు. ఒక్కొక్క ప్రతికి 5 షిల్లింగుల జరిమానా. శాసనమున ఇంకొక చిన్న మాటయు కలదు. అమ్మువాడు అది దొంగ అచ్చని ‘ఎఱిగి’ అమ్మినప్పుడే నేరస్థుడు. ఎఱుగనన్నవానిని ఎఱిగితివని రుజువు చేయు భారము చిత్రకారునిది. ఆ ఒక్క మాట ఎంత దూరము ప్రయాణము చేసినదో తరువాత చెప్పుదుము.

ఈలోగా హోగార్త్ తన రెండవ వరుస సిద్ధము చేసికొనియుండెను. పిసినారి తండ్రి కూడబెట్టిన సొమ్మును తగులబెట్టి, ఫ్లీట్ చెరసాలకు పోయి, కడకు పిచ్చాసుపత్రిలో పడిన టామ్ రేక్‌వెల్ అను యువకుని కథ, ఎనిమిది బొమ్మలలో. ఆ చెరసాల గోడలను చిత్రకారుడు బాల్యమున స్వయముగా చూచినవే. తొమ్మిదవదిగా ఒక తిరునాళ్ల బొమ్మను చేర్చి, చందాదారులకు అన్నిటికి గినీన్నర వెల నిర్ణయించెను. బొమ్మలు సిద్ధమైనవి, చందాదారులు ఎదురుచూచుచున్నారు. కాని అతడు ప్రతులు బయట పెట్టలేదు. శాసనము అమలగు దినము దాటువరకు ఆగుదునని పత్రికలో ప్రకటించి, చందాదారులను ఓపిక పట్టుడని వేడెను.

అంగడివారు ఊరకుండిరా? ప్రతి కొని నకలు తీయుటకు ప్రతియే బయటకు రాలేదు. అందుచేత వారు మనుష్యులను పంపిరి. వర్ణచిత్రములు హోగార్త్ ఇంటిలో చందాదారులు చూచుటకై వ్రేలాడదీయబడియుండెను. ఈ వేగులవారు కొనుగోలుదారులవలె వచ్చి, బొమ్మలను పరకాయించి చూచి, ఇంటికి పోయి జ్ఞాపకమున్నంతవరకు గీసియిచ్చిరి. ఆ గీతలనుబట్టి చెక్కిన దొంగ వరుస 1735 జూన్ ఆరంభముననే, అసలు బొమ్మలకంటె ముందుగా, అంగళ్లలో దిగినది! అందలి బొమ్మలు అసలుతో సరిపోలవు. జ్ఞాపకము తప్పినచోట నకలుగాని చేయి తన కల్పన నుపయోగించెను. అసలును ఇంకను ఎవరును చూడలేదు గనుక ఆ తప్పు చెప్పగలవాడును లేడు. హోగార్త్ మండిపడి, ఈ కుట్రను గూర్చి పత్రికలో ప్రకటన వేయించెను. జూన్ 25వ తేదీన, శాసనము అమలైన మరునాడు, అసలు బొమ్మలు వెలువడినవి. ప్రతి రేకు అడుగునను పార్లమెంటు శాసనానుసారము ప్రచురింపబడినదని తేదీతో చెక్కించెను.

అతడు ఇంకొక యుక్తియు పన్నెను. మాకు ఇందే అతని తెలివి ఎక్కువగా కనబడుచున్నది. తక్కువ డబ్బు గలవాడు గినీన్నర పెట్టి కొనడు, దొంగ అచ్చు కొనును. కావున థామస్ బేక్‌వెల్ అను బొమ్మల వ్యాపారికి అనుమతినిచ్చి, చిన్న పరిమాణమున చౌకప్రతులను అచ్చువేయించి, వరుసకు రెండున్నర షిల్లింగులకే అమ్మించెను. దొంగ అచ్చు వెలకంటె అనుమతిగల ప్రతి వెల భారము కాకున్నచో దొంగను వెదకికొనిపోవు గృహస్థు లెందరుందురు? శాసనము చేయలేని పనిని కొంతవరకు ఈ చౌకప్రతి చేసినది.

హోగార్త్ స్వభావమున కోపిష్ఠి, ఆత్మస్తుతి కొంత ఎక్కువ. 1754లో ఎన్నికల బొమ్మల చందా రసీదుపై ఈ శాసనమును కీర్తించు బొమ్మనే వేసికొనెను. శాసనమువలన కళాకారులకేకాక బొమ్మల వ్యాపారులకును మేలు కలిగినదని, వర్తకము వృద్ధిచెందినదని అతడు చెప్పుకొనుచుండెను. అది ఊరక అన్న మాటయు కాదు.

శాసనమున లోపములు లేకపోలేదు. 1753లో ఒక వర్తకుడు, తాను డబ్బిచ్చి గీయించిన చేపల పడవల బొమ్మను ఒక పత్రిక నకలు చేసినదని వ్యాజ్యము వేయగా, ఈ రక్షణ బొమ్మ కల్పించినవానికేగాని చేయించి ప్రచురించినవానికి లేదని న్యాయస్థానము తేల్చెను. మరియొకరి వర్ణచిత్రమును చూచి రేకు చెక్కినవానికిని మొదట రక్షణ లేదు. హోగార్త్ 1764లో మరణించెను. అతనికి సంతానము లేదు, రాగిరేకులే భార్య జేన్‌కు జీవనాధారము. 14 యేండ్ల గడువు చాలవరకు తీరిపోయి, దొంగ అచ్చులు మరల తలయెత్తసాగినవి. 1767నుండి అమలైన సవరణ శాసనము గడువును 28 యేండ్లకు పెంచెను. అందే హోగార్త్ భార్యకు భర్త బొమ్మలపై ప్రత్యేకముగా 20 యేండ్ల హక్కు వ్రాయబడినది. ఆ విధవరాలు ఇంటివద్దనే బొమ్మలమ్ముచు కాలము గడిపెను. ఒక దేశపు శాసనములో ఒక చిత్రకారుని భార్య పేర ఇట్టి ఏర్పాటు జరుగుట అరుదైన సంగతి.

కాగితపు బొమ్మకు రక్షణ వచ్చినను గుడ్డపై బొమ్మకు ఇంకను రాలేదు. విలియం కిల్‌బర్న్ అను అద్దకపు చిత్రకారుడు లండను చెంత నూలుగుడ్డలపై నాజూకైన పూలతీగలు వేయించుచుండెను. ఆ నమూనాలు కొద్దిదినములలోనే ఉత్తరప్రాంతపు అచ్చుశాలలకు చేరి, చౌక గుడ్డపై దిగి, తక్కువ వెలకు బజారున పడుచుండెను. అతడును తోటివారును మొరపెట్టగా 1787లో శాసనము వచ్చెను. రక్షణ ఎంతకాలము? రెండు నెలలు! 1794లో దానిని మూడు నెలలు చేసిరి. తానుకు రెండు కొసలను యజమాని పేరు వేయవలెనని షరతు. హోగార్త్ రేకుపై పేరునకు గుడ్డమీది పేరు చెల్లెలు.

ఇచ్చట మేము కొంచెము ఆగి అడుగవలసియున్నది. ఇంగ్లండు గుడ్డలపై ఆ పూలతీగలు ఎచ్చటినుండి వచ్చినవి?

ఆంగ్లేయుల ఓడ బందరు రేవునకు 1611లో వచ్చెను. వారికి పూర్వమే డచ్చివారు అచ్చట కొట్టు పెట్టియుండిరి. కోరమండల తీరపు అద్దకపు గుడ్డలు ఉదికినకొలది రంగు తేరునవి. ఐరోపావారికి నూలుగుడ్డపై నిలుచు రంగు వేయుట ఆనాడు చేతగాదు. మన అద్దకపువారు గుడ్డను కరక్కాయ కషాయములో, గేదెపాలలో నానబెట్టి ఎండించి, ఇనుపముక్కలు బెల్లము పులియబెట్టిన నీటితో నల్లగీతలు గీసి, ఎఱ్ఱన కావలసినచోట పటికనీరు పూసి, చిరివేరు వేసి కాగబెట్టెడివారు. పటిక తగిలినచోటనే ఎరుపు పట్టును, తక్కినచోట కడిగిన పోవును. నీలిమందులో ముంచునపుడు నీలము వలదన్న చోటులకు మైనము కప్పుదురు. తరతరములుగా తండ్రి కొడుకునకు చేతితో చూపిన విద్య ఇది.

మొదట నమూనాలు ఇటనుండి అటు పోయినవి. 17వ శతాబ్దిలోనే కంపెనీవారు తమ దేశపు రుచుల ననుసరించి మాదిరులను అటనుండి ఇటు పంపి, వానిని చూచి మనవారిచేత గీయించిరి. ఇందు దొంగతనము లేదు; అది బేరము. గిరాకి మితిమీరుటచే ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించెను; ఇంగ్లండు పార్లమెంటు మొదట 1701నుండి దిగుమతియైన అద్దకపు గుడ్డల వాడుకను, 1721లో దాదాపు అద్దకపు నూలుగుడ్డ కట్టుటనే నిషేధించెను. గుడ్డ రాకూడదు, విద్య మాత్రము రావలెను! 1734 ప్రాంతమున బోల్యూ అను ఫ్రెంచి నావికోద్యోగి పుదుచ్చేరిలో ఒక అద్దకపువానిచేత తన కన్నులయెదుట గుడ్డ వేయించి, ప్రతి దశయందును ఒక ముక్క కత్తిరించి, వివరముతో కూడ తన దేశమునకు గొనిపోయెను. ఆ ముక్కలు నేటికిని పారిసులో భద్రముగా నున్నవి. 1742లో కూర్దూ అను జెసూట్ మతాచార్యుడు, తన మతమున చేరిన అద్దకపువారి నడిగి తెలిసికొన్న పద్ధతినంతయు ఒక దీర్ఘలేఖలో వ్రాసి పంపెను. ఇతడు తెలుగు బాగుగా నేర్చినవాడు, నిఘంటువు కూర్చినవాడు. తెలుగు నేర్చుట మనకు సంతోషమే. ఆ తెలుగుతో అడిగిన ప్రశ్నల ఫలము ఐరోపా అచ్చుశాలలకు చేరినదన్న సంగతియు మరువరాదు. ఇంగ్లండులో 1774లో నిషేధము తొలగునాటికి అచ్చటి అచ్చుశాలలు పెరిగి పెద్దవైనవి. పదమూడేండ్ల పిమ్మట కిల్‌బర్న్ తీగలకు రెండు నెలల రక్షణ దొరికినది. ఆ తీగల పూర్వులను గీసిన తీరపు చేతులకు ఒక్క దినమైన దొరకలేదు. దొరకుటకు తానుకొసను వారి పేరే లేదు.

ఇప్పుడు ఆన్‌లైన్ అంగడికి వత్తము. నకలుకు నేడు రాగిరేకు అక్కరలేదు, అంగడి అద్దెయు అక్కరలేదు. బొమ్మను తెరమీదనుండి తీసికొని, చొక్కా ఫోటోపై అతికించి అమ్మకమునకు పెట్టవచ్చును. ఎవరైన కొన్న తరువాతనే ఆ చొక్కా అచ్చుపడును. సరకు నిలువయు లేదు, నష్టభయమును లేదు. హోగార్త్ ఇంటికి వచ్చిన వేగులవారి పనిని యంత్రములే చేయుచున్నవి. ఎవరైన ఒక బొమ్మ క్రింద, ఇది చొక్కామీద నుండిన కొందునని వ్రాసినచో, ఆ మాటను పసిగట్టి బొమ్మను స్వయముగా ఎత్తుకొనిపోవు ఏర్పాట్లు కొందరు అమ్మకపువారు చేసికొనిరి. 2019 డిసెంబరులో కొందరు చిత్రకారులు దీనిని రుజువుచేయదలచి, ఈ అంగడి దొంగబొమ్మ లమ్మును, కొనవలదు అను అర్థమిచ్చు బొమ్మను గీసి పెట్టి, స్నేహితులచేత చొక్కా కావలెనని వ్రాయించిరి. గంటలలోనే ఆ హెచ్చరికయే చొక్కాలపై అమ్మకమునకు వచ్చినది! హోగార్త్ బ్రతికియున్నచో పగలబడి నవ్వెడివాడు, దానిపై ఒక బొమ్మయు గీసెడివాడు.

అంగడి యజమాని సంగతి యేమి? 1735 శాసనమున ‘ఎఱిగి’ అమ్మినవాడే నేరస్థుడని చెప్పితిమి. అమెరికాలో 1998 నాటి శాసనము, మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక శాసనము 79వ సెక్షను, దాదాపు అదే మాటను ఇంకొక రూపమున చెప్పుచున్నవి. పరులు పెట్టిన సరకునకు తావు మాత్రమిచ్చినవాడు, దొంగసరకని తెలియనంతవరకు, తగిన జాగ్రత్త వహించినంతవరకు బాధ్యుడు కాడు. తెలిపిన పిమ్మట తొలగింపవలెను. తెలుపవలసినవాడు చిత్రకారుడే. ఒక బొమ్మ తొలగించునప్పటికి అదే బొమ్మ వేరొక పేరుగల అంగడిలో తేలును. లక్షల సరకులను ఒక్కొక్కటిగా అంగడివాడు పరిశీలింపలేడన్న వాదమున కొంత న్యాయము లేకపోలేదు. కాని ప్రతి అమ్మకమునను తనకు రుసుము ముట్టుచుండగా ఎఱుగనను మాట ఎంతవరకు చెల్లవలెనన్నది న్యాయస్థానములు ఇంకను తూచుచున్న ప్రశ్న. మేమైతే ఈ తూకమున హోగార్త్ కరపత్రము వైపే మ్రొగ్గుదుము.

మన చిత్రకారులు ఎఱిగియుండవలసిన చిక్కు వేరొకటి కలదు. 1957 నాటి మన కాపీహక్కు శాసనము 15వ సెక్షను ప్రకారము, డిజైనుగా రిజిస్టరు కాదగియుండియు రిజిస్టరు చేయింపని నమూనాను హక్కుదారు తానుగాని తన అనుమతితోగాని యంత్రపద్ధతిని 50కి మించిన వస్తువులపై వేయించినచో, ఆ డిజైనుపై కాపీహక్కు అంతటితో తీరిపోవును. 51వ చీర నాడు హక్కు పోవునన్నమాట. రిజిస్టరు చేయించినచో 2000 నాటి డిజైనుల శాసనము క్రింద 10 యేండ్లు, కోరినచో మరి 5 యేండ్లు రక్షణ.

తాతలనాటి తీగకు ఆ దారియు లేదు. రిజిస్టరగుటకు నమూనా కొత్తదై యుండవలెను. మచిలీపట్నము కలంకారీ, శ్రీకాళహస్తి కలంకారీ, పోచంపల్లి చిటికీ నేత మొదలైనవానికి 1999 నాటి శాసనము క్రింద భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడును. పెడనలో టేకుదిమ్మపై చెక్కిన పువ్వునే ఎక్కడనో మిల్లు గుడ్డపై యంత్రమున అచ్చొత్తి, మచిలీపట్నము పేరు వాడక వేరొక పేరుతో అమ్మువానిని ఈ గుర్తింపుతో ఆపుట కష్టము. న్యూరెంబర్గు నగరసభవారి తీర్పు ఇదియే గదా.

తన చేతితో కొత్తగా గీసిన నమూనా గల చిత్రకారునికి మాత్రము దారి తెరచియే యున్నది. డిజైనుల రిజిస్ట్రీ కోల్‌కతాలోని పేటెంటు కార్యాలయమున నున్నది. అర్జీ ఇంటినుండియే ఆన్‌లైనులో పంపవచ్చును. అర్జీ తేదీకి ముందు ఆ నమూనా ఎచ్చటను వెల్లడియై యుండరాదన్నది నియమము. ఫోనులో ఫోటో తీసి పదిమందికి చూపుట కూడ వెల్లడియే కావచ్చును గనుక, ముందు అర్జీ, తరువాత ఫోటో.